ఒకే ఇంజిన్‌తో నాలుగు వెబ్‌సైట్లు: సొంత ఫ్రేమ్‌వర్క్ ఎలా కట్టుకోవాలి?

మా కడపలో నేను చూసుకునే సైట్లు నాలుగు. ఒకటి నల్లబండల వ్యాపారిది, ఒకటి వై.వి. స్ట్రీట్‌లో చీరల కొట్టుది, మిగతావి ఒక ట్యూషన్ సెంటరుది, ఒక కల్యాణ మండపానిది. మొదట్లో ఒకదాని ఫోల్డరు కాపీ చేసి, పేరూ రంగులూ మార్చి ఇంకోటి తయారుచేసేవాణ్ణి. ఒకసారి ఎంక్వైరీ ఫారంలో తప్పు బయటపడితే మూడింట్లో సరిచేసి నాలుగోది మరిచిపోయాను. సరిగ్గా అడ్మిషన్ల రోజుల్లో ట్యూషన్ సెంటరుకు రావాల్సిన మెసేజ్‌లు రెండు వారాలు ఎవరికీ చేరలేదు. ఆ మేడం ఫోన్ చేసి, "ఈసారి ఒక్కరూ అడగలేదేంది నాయనా?" అన్నాకే నాకు తెలిసింది. ఆ వారమే నాలుగింటికీ కలిపి ఒకే ఇంజిన్, అంటే అన్నిటినీ నడిపే ఉమ్మడి కోడ్ (సొంత ఫ్రేమ్‌వర్క్) కట్టడం మొదలుపెట్టాను. నేను పీహెచ్‌పీ భాష, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ వాడాను. పైథాన్‌లో చేసినా పద్ధతి ఇదే.

ఖాళీ ఫైలుతో మొదలుపెట్టొద్దు. ఇప్పటికే నడుస్తున్న రెండు సైట్లను పక్కపక్కన తెరిచి, రెండింట్లోనూ ఒకేలా ఉన్న భాగాలు కాగితం మీద రాసుకోండి. డేటాబేస్ కనెక్షన్, లాగిన్, ఫారాలు, ఫోటోల అప్‌లోడ్ వస్తాయి. మీ ఫ్రేమ్‌వర్క్ అంటే ఆ కాగితం మీద ఉన్నదే. ఎప్పుడో పనికొస్తుందని ఇంకేమీ చేర్చకండి.

తర్వాత మూడు ఫోల్డర్లు చేయండి. 'కోర్'లో అందరికీ ఉమ్మడి కోడ్. 'సైట్స్'లో ఒక్కో సైటుకు ఒక్కో ఫోల్డరు: దాని సెట్టింగులు, పేజీల డిజైన్లు. బయటి ప్రపంచానికి కనిపించేది 'పబ్లిక్' ఒక్కటే. డేటాబేస్ పాస్‌వర్డ్‌లు గిట్‌లోకి (కోడ్‌లో చేసిన మార్పులన్నీ దాచిపెట్టే సాధనం) ఎక్కకుండా చూసుకోండి.

ఇప్పుడు అసలు కీలకం. నాలుగు డొమైన్లూ ఒకే సర్వరుకు వస్తాయి కదా, ఎవరు ఏ సైటు కోసం వచ్చారో ఎలా తెలుస్తుంది? బ్రౌజరు ప్రతి రిక్వెస్ట్‌తో పాటు హోస్ట్ అనే హెడర్‌లో డొమైన్ పేరు పంపుతుంది. హెచ్‌టీటీపీ 1.1 నుంచి అది తప్పనిసరి. అన్ని రిక్వెస్టులూ 'పబ్లిక్'లోని ఒకే ఇండెక్స్ ఫైలుకు వచ్చేలా మీ వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను, అంటే ఎన్‌జిన్‌ఎక్స్‌ను గానీ అపాచీని గానీ సెట్ చేయండి. ఆ ఫైలు హోస్ట్ పేరును చిన్న అక్షరాల్లోకి మార్చి, ముందు డబ్ల్యూలూ వెనక పోర్టు నంబరూ తీసేసి, మీరు రాసిపెట్టిన జాబితాలో వెతకాలి. దొరికితే ఆ సైటు సెట్టింగులు తెరవాలి, దొరక్కపోతే 404 ('దొరకలేదు' అనే పేజీ) చూపి ఆగిపోవాలి. హోస్ట్ పేరును నేరుగా ఫోల్డరు పేరుగా మాత్రం వాడొద్దు. అది పంపేది బయటివాళ్లు, అందులో ఏమైనా రాసి పంపగలరు.

పేజీ చూపించేటప్పుడు డిజైన్ ఫైలు కోసం ముందు సైటు ఫోల్డరులో చూడాలి, అక్కడ లేకపోతే కోర్‌లోది తీసుకోవాలి. ఇంజిన్‌లో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. బండలకు సైజు, మందం, చదరపు అడుగు ధర కావాలి. చీరలకు రంగు, అంచు కావాలి. ఆ ఒక్క పేజీ వాళ్ల ఫోల్డరులో వేరుగా రాస్తే చాలు, మిగతావన్నీ కోర్‌వే వస్తాయి. 'ఇది చీరల సైటు అయితే ఇలా చెయ్' అనే షరతు కోర్‌లో ఒక్కటి రాసినా, రేపు వంద రాస్తారు. ఎంత తొందరలో ఉన్నా రాయొద్దు.

డేటాబేస్ ఒక్కో సైటుకు విడిగా పెట్టుకోండి, ఒకరిది పాడైనా ఇంకొకరిది భద్రంగా ఉంటుంది. డేటాబేస్‌ను అడిగే క్వెరీలన్నీ ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లతోనే రాయండి, అంటే యూజరు ఇచ్చిన విలువలను క్వెరీలో కలపకుండా విడిగా పంపాలి. అక్షరాల సెట్టింగు యూటీఎఫ్8ఎంబీ4 పెట్టండి. మైఎస్‌క్యూఎల్‌లోని పాత యూటీఎఫ్8కు ఒక అక్షరానికి మూడు బైట్లే హద్దు. తెలుగు అక్షరం అందులో పడుతుంది గానీ, కస్టమర్లు పెట్టే ఎమోజీకి నాలుగు కావాలి.

క్యాష్ విషయంలో, అంటే ఒకసారి తయారైన పేజీని మళ్లీ వాడుకోవడానికి దాచుకునే చోట, నేను టెన్షన్ పడ్డాను. చీరల కొట్టు మొదటి పేజీని 'హోమ్' అనే పేరుతో దాచాను. బండల సైటు కూడా అదే పేరుతో అడిగింది. ఎర్రగుంట్ల నుంచి బండల ధర చూద్దామని తెరిచినాయనకు పట్టుచీరలు కనిపించాయి. దాచే ప్రతి పేరు ముందూ సైటు పేరు చేర్చండి. అప్‌లోడ్ ఫోల్డర్లకూ, లాగిన్ సెషన్లకూ ఇదే వర్తిస్తుంది.

పాస్‌వర్డ్ దాచే పద్ధతి, మెయిల్ పంపే కోడ్ సొంతంగా రాయకండి. మొదటిదానికి పీహెచ్‌పీలోనే ఫంక్షన్ ఉంది, రెండోదానికి కంపోజర్‌తో (పీహెచ్‌పీ లైబ్రరీలు తెచ్చిపెట్టే సాధనం) మంచి లైబ్రరీ తెచ్చుకోవచ్చు.

ఉమ్మడి ఇంజిన్‌లో ఒక తప్పు జరిగితే నాలుగు సైట్లూ ఒకేసారి పడిపోతాయి. అందుకే మీ కంప్యూటరులోని హోస్ట్స్ ఫైలులో (ఏ డొమైన్ పేరు ఏ కంప్యూటరుకు వెళ్లాలో రాసుకునే ఫైలు) నాలుగు ఉత్తుత్తి డొమైన్లు పెట్టుకుని, ప్రతి సైటు మొదటి పేజీ తెరిచి, ఎంక్వైరీ ఫారం నింపి చూసే చిన్న స్క్రిప్ట్ రాసుకోండి. అది పాసయ్యాకే సర్వరుకు పంపండి. పంపిన ప్రతిసారీ గిట్‌లో ట్యాగ్ (ఆ వెర్షన్‌కు గుర్తు) వేయండి, ఏదైనా తేడా వస్తే వెంటనే పాతదానికి వెళ్లిపోవచ్చు. నా స్క్రిప్టులో మొట్టమొదట నడిచేది ట్యూషన్ సెంటరు ఫారమే.