స్టీమ్ మాప్ (ఆవిరితో నేల తుడిచే యంత్రం) వాడే ముందు జాగ్రత్తలు

ముందుగా గదిని పొడి చీపురుతో ఊడ్వాలి. లేకపోతే ఇసుక, వెంట్రుకలు మాప్ గుడ్డకు అంటుకుని నేలంతా చారలు పడతాయి.

నేల ఏ రకమో తెలుసుకోవడం అన్నింటికన్నా ముఖ్యం. విట్రిఫైడ్ టైల్స్ సుమారు 100 డిగ్రీల ఆవిరిని తట్టుకుంటాయి గానీ, లామినేట్ పలకల అతుకుల్లోకి తేమ చేరితే అంచులు ఉబ్బుతాయి, మైనం పూసిన చెక్క తెల్లబారుతుంది, పాలరాయి మెరుపు తగ్గవచ్చు. అందువల్ల మంచం కింద, ఎవరికీ కనబడని మూలలో ఒకసారి పరీక్షించి, ఆరాక చూడాలి.

ట్యాంకులో ఫినాయిల్ పోయకూడదు. బోరు నీటిలోని సున్నం ఆవిరి వచ్చే సన్నని రంధ్రాన్ని పూడ్చేస్తుంది కనుక డిస్టిల్డ్ వాటర్ మేలు.

మళ్లీ నీళ్లు నింపాలంటే ప్లగ్ తీసి, యంత్రం చల్లారాకే మూత తెరవాలి. స్విచ్‌బోర్డుల వైపు ఆవిరి తిప్పకూడదు. పాకే పిల్లలున్న ఇంట్లో వారు నిద్రపోయాక మొదలుపెట్టడమే ఉత్తమమని నా అభిప్రాయం.