మైలోమాతో కిడ్నీలూ దెబ్బతింటే ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

అనంతపురం పల్లెల్లో నడుము నొప్పి అంటే శనక్కాయ చేలో పని వల్లేలే అని సరిపెట్టుకుంటాం. చాలాసార్లు నిజమే. కానీ వయసు మళ్లినవాళ్లకు నొప్పి వారాల తరబడి తగ్గకుండా, రక్తం తగ్గి, నీరసం ముదిరి, రక్త పరీక్షలో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా పెరిగిందంటే మల్టిపుల్ మైలోమా ఉందేమో చూపించాల్సిందే. ఇది అరుదైన రక్త క్యాన్సర్. తెల్ల రక్తకణాల జాతికి చెందిన ప్లాస్మా కణాలు ఎముక మజ్జలో అదుపు తప్పి పెరుగుతాయి. అవి వదిలే లైట్ చైన్లనే ప్రోటీన్ ముక్కలు కిడ్నీలోని సన్నటి గొట్టాల్లో పేరుకుని వాటిని మూసేస్తాయి.

1. ముందు నొప్పి మాత్రలు మానిపించండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అసలే దెబ్బతిన్న కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. స్ట్రిప్ వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. పైన పేరు ఏదైనా లోపల పారాసిటమాల్‌తో ఎసిక్లోఫెనాక్ కలిసి ఉండొచ్చు. ఆర్‌ఎంపీ నొప్పి సూది వేయబోతే మందు పేరు అడగండి, మొహమాటపడొద్దు. నొప్పికి ఏం వాడాలో డాక్టరే చెప్పాలి.

2. సరైన పరీక్షలు అడగండి. మామూలు యూరిన్ స్ట్రిప్ ముఖ్యంగా అల్బుమిన్ అనే ప్రోటీన్‌నే పట్టుకుంటుంది, లైట్ చైన్లు దానికి చిక్కకపోవచ్చు. అందుకే ‘మూత్రం బాగానే ఉంది’ అన్న మాటతో ఆగిపోకండి. మైలోమా ప్రోటీన్లను పట్టే సీరం ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్, ఇమ్యునోఫిక్సేషన్, ఫ్రీ లైట్ చైన్ పరీక్షలతో పాటు కాల్షియం కూడా చూడాలి. లైట్ చైన్లలో రెండు రకాలైన కప్పా, లాంబ్డాల నిష్పత్తి మామూలుగా 0.26 నుంచి 1.65 లోపు ఉంటుంది. కిడ్నీ మందగించినవాళ్లలో మైలోమా లేకపోయినా అది కాస్త పెరుగుతుంది కాబట్టి రిపోర్టు చూసి మీరే తీర్పు చెప్పుకోవద్దు. స్కానింగ్‌కు కాంట్రాస్ట్ (రంగు మందు) ఎక్కించే ముందు క్రియాటినిన్ ఎంతుందో చెప్పండి.

3. హెమటాలజిస్టు (రక్త వ్యాధుల డాక్టరు), నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) ఇద్దరూ చూడాలి. కర్నూలు సర్వజన ఆసుపత్రికైనా, మరో పెద్దాసుపత్రికైనా పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్లండి. ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో అక్కడి హెల్ప్‌డెస్కులో కనుక్కోండి. ఆలస్యం మాత్రం చేయకండి. చికిత్స తొందరగా మొదలైతే కిడ్నీలు తేరుకునే అవకాశం ఉంది, కొందరికి డయాలసిస్ కూడా ఆగుతుంది. మైలోమాకు వాడే మందుల్లో, కిడ్నీ బాగోలేకపోయినా బోర్టెజోమిబ్ మోతాదు సాధారణంగా తగ్గించక్కర్లేదు. లెనాలిడోమైడ్‌కు మాత్రం తగ్గించాలి.

4. ఒంట్లో నీళ్లు తగ్గనివ్వకండి. మే నెల ఎండల్లో, వాంతులు, విరేచనాలప్పుడు ఇది మరీ ముఖ్యం. డాక్టరు వద్దనకపోతే రోజుకు రెండు మూడు లీటర్లు తాగించండి. కాళ్ల వాపు, మూత్రం తగ్గడం, డయాలసిస్ ఉంటే డాక్టరు చెప్పిన లెక్కే పాటించాలి. కొబ్బరి నీళ్లు మంచివే కదా అనిపిస్తుంది గానీ వాటిలో పొటాషియం ఎక్కువ, అడక్కుండా ఇవ్వొద్దు.

5. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా, మూత్రం బాగా తగ్గినా, మనిషి తికమకగా మాట్లాడినా, కాళ్లలో ఉన్నట్టుండి సత్తువ పోయినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.