పార్కిన్సన్స్ ఉన్నవాళ్లతో ఇంట్లో డ్యాన్స్ ఎలా మొదలుపెట్టాలి?

గుమ్మం దగ్గరికి రాగానే కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోయే మనిషి, పాట పెడితే ఒక్కోసారి చక్కగా అడుగులేస్తారు. చూసేవాళ్లకి నటనలా అనిపించొచ్చు, కానీ కాదు. పార్కిన్సన్స్ అనే ఈ మెదడు జబ్బులో డోపమైన్ అనే రసాయనం తగ్గిపోయి, మెదడు లోపలి నుంచి రావాల్సిన ‘ఇక కదులు’ అన్న సైగ బలహీనపడుతుంది, బయట వినిపించే తాళం ఆ లోటును కొంత పూడుస్తుంది. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో మార్క్ మోరిస్ డ్యాన్స్ గ్రూప్ 2001లోనే ఇలాంటి క్లాసులు మొదలుపెట్టింది. దీంతో జబ్బు నయం కాదు, మందులు మాత్రం మానకూడదు.

ముందు డాక్టర్‌నో ఫిజియోథెరపిస్ట్‌నో అడగండి, ముఖ్యంగా ఈమధ్య పడిపోయి ఉంటే, లేచి నిలబడగానే బీపీ పడిపోతుంటే. మందు బాగా పనిచేస్తున్న టైమ్ ఎంచుకోండి. నేల మీద చాపలు, వైర్లు తీసేసి, చేతులున్న గట్టి కుర్చీని గోడకు ఆనించి పెట్టండి (చక్రాల కుర్చీ వద్దు), కాలికి చెప్పులు కాకుండా మడమ పట్టి ఉంచే బూట్లు వేయించండి.

తర్వాత పాట. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, హుషారుగా ఉంటుందని వేగమైన పాట పెట్టేస్తారు. ముందు ఆ మనిషి మామూలుగా నడుస్తుంటే నిమిషానికి ఎన్ని అడుగులు పడుతున్నాయో లెక్కపెట్టండి. 90 పడితే, నిమిషానికి సుమారు 90 తాళం దెబ్బలుండే పాట కావాలి, దెబ్బ స్పష్టంగా వినపడాలి. అలవాటయ్యాక కొంచెం వేగం పెంచొచ్చు.

మొదటి పది నిమిషాలు కూర్చునే. చేతులు పక్కలకు బాగా చాపడం, మడమ, మునివేళ్లు మార్చి మార్చి నేలకు తట్టడం, నడుము నెమ్మదిగా తిప్పడం. ఇక్కడ మీరు పదేపదే అనాల్సిన మాట ‘ఇంకా పెద్దగా’. ఎందుకంటే చెయ్యి పూర్తిగా చాపానని ఆయనకు నిజంగానే అనిపిస్తుంది, చూస్తే సగమే చాపి ఉంటారు.

ఆ తర్వాత కుర్చీ పక్కన నిలబడి, దాని వీపు పట్టుకుని, బరువును తాళానికి ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు మార్చాలి. అది కుదిరాకే అడుగులు: ముందుకు, పక్కకు, చివరగా మీరు పట్టుకుని ఉండగా వెనక్కి. అర్జెంటీనా టాంగో అనే జంట నృత్యం మీద పరిశోధకులు ఆసక్తి చూపడానికి ఈ నడక, ఆగడం, వెనకడుగులే కారణం. తిరగాలంటే ఉన్నచోటే గిరుక్కున తిరగొద్దు, పెద్ద అర్ధచంద్రాకారంలో నడుస్తూ తిరగాలి. అడుగులేస్తున్నంతసేపూ మీరు కబుర్లు చెప్పకండి, రెండు పనులు ఒకేసారంటే వాళ్లకి చాలా కష్టం.

మధ్యలో కాళ్లు బిగుసుకుపోతే చెయ్యి పట్టి లాగొద్దు, ‘రండి రండి’ అని తొందరపెట్టినా టెన్షన్ పెరిగి ఇంకా బిగుసుకుంటారు. పూర్తిగా ఆగనివ్వండి. ఒక ఊపిరి, బరువు అటూ ఇటూ, అప్పుడు ‘ఒకటి, రెండు’ అంటూ ఒక పెద్ద అడుగు. నేల మీద వేసే ఒక్కో అడుగుకూ ఒక రంగు టేప్ గీత అతికించి, దాన్ని దాటమన్నా చాలాసార్లు పనిచేస్తుంది.

వారానికి రెండు మూడుసార్లు, మొదట్లో ఇరవై నిమిషాలు చాలు. కళ్లు తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా వెంటనే ఆపేయాలి. ఆఖరి పాట మళ్లీ కూర్చునే, ఈసారి గొంతెత్తి పాడుతూ. గొంతు సన్నబడి, ముఖంలో కదలిక తగ్గిన మనిషికి అది కూడా వ్యాయామమే, శ్రుతి తప్పినా ఫర్వాలేదు.