పాత ఆర్‌డబ్ల్యూ డిస్కుల్లో ఫైళ్లు మళ్లీ దాచుకోవడం ఎలా?

చాలా ఇళ్లలో బీరువా అడుగునో, కంప్యూటర్ టేబుల్ సొరుగులోనో పాత సీడీల డబ్బా ఒకటి ఇంకా ఉంటుంది. ఆ మధ్య మా ఇల్లు సర్దుతుంటే అలాంటి డబ్బాలో పదకొండు ఆర్‌డబ్ల్యూ డిస్కులు, అంటే చెరిపి మళ్లీ మళ్లీ రాసుకోగలిగేవి, దొరికాయి. పరీక్షించి చూస్తే ఎనిమిది చక్కగా పనిచేశాయి. పారేయడానికి మనసొప్పలేదు. ఇప్పుడు ఇంటి కాగితాల స్కాన్లు, లెక్కల ఫైళ్లు వారం వారం వాటిలోకి కాపీ చేస్తున్నాను.

పెన్‌డ్రైవ్‌లు చవగ్గా దొరికే రోజుల్లో ఇదంతా ఎందుకని అడగొచ్చు. ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్ కంప్యూటర్‌లో చొరబడితే, దానికి తగిలించి ఉన్న హార్డ్ డిస్కునూ పెన్‌డ్రైవ్‌నూ కూడా వదలదు. డ్రైవ్ నుంచి తీసి కవర్లో పెట్టిన డిస్కు జోలికి మాత్రం రాలేదు. నాకు ఈ ఒక్క కారణం చాలు.

ముందు డిస్కు మీద అక్షరాలు చూడండి

పేరు చివర 'ఆర్' మాత్రమే ఉంటే అది ఒక్కసారి రాసే డిస్కు. చెరపడం కుదరదు. ఫొటో స్టూడియో వాళ్లు ఇచ్చిన పెళ్లి సీడీలు, డీవీడీలు ఎక్కువగా ఈ రకమే. వాటిని పక్కన పెట్టండి. 'ఆర్‌డబ్ల్యూ' అని ఉన్నవే మనకు కావాలి. బ్లూరే అయితే 'ఆర్‌ఈ' అని ఉంటుంది.

ఆర్ డిస్కులో లేజర్ వేడికి రంగు పొర శాశ్వతంగా మారిపోతుంది. ఆర్‌డబ్ల్యూలో ఆ పని చేసేది ఒక మిశ్రమలోహపు పొర. లేజర్ దాన్ని కరిగించి, వెంటనే చల్లారనిస్తే మసక మచ్చ పడుతుంది. తక్కువ వేడితో కాస్త నిదానంగా కాలిస్తే మళ్లీ స్ఫటికంగా మారి మెరుస్తుంది. రాయడం, చెరపడం అంటే ఇదే. సీడీ ఆర్‌డబ్ల్యూను సుమారు 1000 సార్లు తిరగరాయవచ్చని లెక్క. ఈ పొర మామూలు సీడీ కంటే చాలా తక్కువ కాంతిని వెనక్కి పంపుతుంది కాబట్టి కొన్ని పాత ప్లేయర్లు దీన్ని చదవలేవు. అంతమాత్రాన డిస్కు పాడైందనుకోకండి.

డ్రైవ్, డిస్కు సిద్ధం చేయడం

ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో డిస్క్ డ్రైవ్ ఉండటం లేదు. యూఎస్‌బీకి తగిలించే డీవీడీ రైటర్ కావాలి. డిస్కు తిరగడం మొదలై మధ్యలో ఆగిపోతుంటే చాలాసార్లు కారణం కరెంటు చాలకపోవడమే. యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్‌కే తగిలించండి.

డిస్కును మెత్తటి నూలుగుడ్డతో మధ్య నుంచి అంచు వైపు నేరుగా తుడవండి. గుండ్రంగా తిప్పి తుడవకూడదు. గీత ట్రాక్ (డేటా గుండ్రంగా రాసి ఉండే దారి) వెంబడి పడితే డ్రైవ్ దాన్ని సరిచేసుకోలేదు, అడ్డంగా పడితే చాలావరకు సరిచేసుకుంటుంది. సీడీకి పైవైపు, అంటే పేరు రాసుకునే వైపు, ఇంకా జాగ్రత్త. మెరిసే పొర ఆ లేబుల్ కిందే ఉంటుంది. బాల్‌పెన్నుతో గట్టిగా రాస్తే పొర దెబ్బతింటుంది. డీవీడీలో ఆ పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది కాబట్టి కొంత నయం. దేనికైనా మెత్తటి మార్కరే వాడండి.

లోపల ఏముందో చూడకుండా చెరపకండి

డిస్కు పెట్టి, అందులో ఉన్నదంతా ముందు కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. ఎప్పటివో పిల్లల ఫొటోలు అందులో ఉండొచ్చు. ఇక్కడ తొందర వద్దు.

కాపీ అయ్యాక చెరపడానికి రెండు దారులు. డ్రైవ్ గుర్తు మీద రైట్ క్లిక్ చేస్తే విండోస్‌లో 'ఎరేజ్ దిస్ డిస్క్' కనిపిస్తుంది. లేదా ఇమ్‌గ్‌బర్న్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో క్విక్, ఫుల్ అని రెండు రకాల ఎరేజ్ ఉంటాయి. దాన్ని ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వెంట వచ్చే ఇతర ప్రోగ్రాములకు ఒప్పుకోకండి. లినక్స్‌లో కే3బీ ఈ పని చేస్తుంది.

క్విక్ ఎరేజ్ ఒకటి రెండు నిమిషాల పని. అది విషయసూచికను మాత్రమే చెరుపుతుంది, అసలు డేటా చాలావరకు అలాగే ఉండిపోతుంది. ఆధార్, బ్యాంకు కాగితాలు ఉన్న డిస్కును వేరొకరికి ఇచ్చేటప్పుడు ఫుల్ ఎరేజ్ తప్పనిసరి. సీడీ ఆర్‌డబ్ల్యూకు 4ఎక్స్ (మామూలుకు నాలుగు రెట్లు) వేగంతో సుమారు 20 నిమిషాలు పడుతుంది. ఏళ్ల తరబడి పక్కన పడి ఉన్న డిస్కుకు మొదటిసారి ఫుల్ ఎరేజ్ చేయమనే నా సలహా. మొండికేసిన డిస్కులు కొన్ని దాంతోనే దారికొస్తాయి.

డీవీడీ ప్లస్ ఆర్‌డబ్ల్యూకు (పేరులో '+' గుర్తు ఉన్నదానికి) చెరపడమనే దశ అక్కర్లేదు. పాతదాని మీదే కొత్తది రాసేస్తుంది.

రాసే పద్ధతి ఎంచుకోవడం

ఖాళీ డిస్కు పెట్టగానే విండోస్ ఒక ప్రశ్న అడుగుతుంది: పెన్‌డ్రైవ్ లాగా వాడతారా, సీడీ/డీవీడీ ప్లేయర్ కోసం రాస్తారా? మొదటిది చూడ్డానికి హాయిగా ఉంటుంది. ఫైలును లాగి వేయొచ్చు, ఒక్కోటీ డిలీట్ చేయొచ్చు. నేనూ మొదట్లో అలాగే వాడాను. ఒక రోజు కాపీ అవుతుండగా కరెంటు పోయింది. తిరిగి వచ్చాక డిస్కు తెరుచుకోలేదు. కొత్త ఫైళ్లే కాదు, అంతకుముందు అందులో ఉన్నవీ పోయాయి. నాలుగు నెలల ఇంటి లెక్కలు మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది.

అప్పటి నుంచి రెండో పద్ధతే. ఫైళ్లన్నీ ముందు ఒక ఫోల్డర్‌లో చేర్చి, డిస్కు మొత్తం ఒకేసారి రాయాలి. మార్పు ఉంటే మొత్తం చెరిపి మళ్లీ రాయాలి. ఇందులో కొంత శ్రమ ఉన్నా, మధ్యలో ఏం జరిగినా అసలు ఫైళ్లు కంప్యూటర్‌లో భద్రంగా ఉంటాయి. ఇలా రాసిన డిస్కు వేరే కంప్యూటర్లలో కూడా సులువుగా తెరుచుకుంటుంది.

రాయడం, సరిచూడటం

డీవీడీ మీద 4.7 జీబీ అని ఉంటుంది. విండోస్ లెక్కలో అది దాదాపు 4.38 జీబీ. నేను 4 జీబీ దగ్గరే ఆపేస్తాను. డేటా లోపలి నుంచి అంచు వైపు రాస్తూ పోతుంది, వేలిముద్రలు, గీతలు ఎక్కువగా పడేది అంచు దగ్గరే.

సొంత కాగితాలైతే ముందు 7-జిప్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పాస్‌వర్డ్ పెట్టి ఒకే ఫైలుగా చుట్టండి. ఫైళ్ల పేర్లు కూడా దాచే టిక్ అందులో ఉంటుంది, అదీ పెట్టండి. ఆ పాస్‌వర్డ్ ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి.

వేగం విషయంలో డిస్కు మీద రాసిన దాన్ని మించకండి. ఇమ్‌గ్‌బర్న్‌లో 'వెరిఫై' టిక్ తీయకండి. రాసినదాన్ని మళ్లీ చదివి, అసలుతో పోల్చి చూస్తుంది. అందుకు పట్టే సమయం రాయడానికి పట్టినంత ఉండొచ్చు, అయినా సరే ఆగండి. వెరిఫై తప్పిన డిస్కును తుడిచి ఇంకోసారి ప్రయత్నించండి. మళ్లీ తప్పితే వేరే డ్రైవ్‌లో చూడండి. అక్కడా తప్పితే ఆ డిస్కును పక్కన పెట్టేయండి.

మూడు డిస్కులు వంతులవారీగా

ఒకే డిస్కును చెరిపి రాస్తూ పోతే, చెరిపిన క్షణం నుంచి వెరిఫై అయ్యేదాకా మీ చేతిలో డిస్కు కాపీ ఉండదు. సరిగ్గా అప్పుడే హార్డ్ డిస్కు పోతే? అందుకే మూడింటికి 1, 2, 3 అని నంబర్లు వేయండి. ఈ ఆదివారం ఒకటి, వచ్చే ఆదివారం రెండు, ఆపై మూడు, మళ్లీ ఒకటి. ఒకటి చెరిపినప్పుడల్లా మిగతా రెండు వారాల కాపీలు చెక్కుచెదరకుండా ఉంటాయి. ఫైలు పాడైన సంగతి ఆలస్యంగా తెలిసినా వెనక్కి వెళ్లి తెచ్చుకోవచ్చు. ఇలా వాడితే ఒక్కో డిస్కు ఏడాదికి 17 సార్లే తిరగరాయబడుతుంది. 1000 దాకా ఎప్పటికీ వెళ్లదు, అంతకంటే ముందే గీతలో వయసో దాన్ని ఆపేస్తాయి. ఏ తేదీన ఏం రాశారో డిస్కు కవర్‌లో చిన్న చీటీ పెట్టుకోండి.

ఎండ పడే కిటికీ పక్కన, వేసవిలో కారులో డిస్కులు ఉంచకండి, ప్లాస్టిక్ వంగిపోతుంది. ఎప్పటికీ ఉండాల్సిన ఫొటోలను మాత్రం ఆర్‌డబ్ల్యూలో పెట్టకండి. ఎవరో ఒకరు ఖాళీ డిస్కే కదా అనుకుని చెరిపేస్తారు. వాటికి ఆర్ డిస్కు, దానితోపాటు ఇంకో చోట మరో కాపీ ఉండాలి.

ఇక పనికిరాదని తేలిన డిస్కును చేతులతో విరవకండి, ముక్కలు కళ్లలోకి ఎగురుతాయి. గుడ్డలో చుట్టి గట్టి కత్తెరతో రెండు మూడు ముక్కలుగా కోసి, ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. చెత్తకుప్పలో కాల్చొద్దు, ఆ పొగ ఊపిరికి మంచిది కాదు.