చేతిపనికి గడువు – మూడవ పాఠం: తేదీ నుంచి వెనక్కి లెక్క

గత పాఠం ప్రకారం, గంటసేపు కూర్చుంటే మీ చేతి మీద ఎంత కుట్టు సాగుతుందో నోటుబుక్కులో రాసుకొని ఉంటారు. ఆ గంట పనిని ఇకపై ఒక విడత అందాం. ఈ పాఠంలో విడతల లెక్కతో గడువు నిర్ణయించడం నేర్చుకుందాం.

మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ప్రభుత్వోద్యోగులకు 2022 నుంచి పదవీ విరమణ వయస్సు 62 ఏళ్లు. అంతకాలం పైఅధికారి చెప్పిన గడువులకు పనిచేసినవారు, ఇంట్లో తమ పనికి తామే తేదీ పెట్టుకోవలసి వచ్చేసరికి "పండగలోగా చూద్దాంలే" అని వదిలేస్తుంటారు. అలా వదిలేసిన కుట్టుపని బీరువాలో సంచీలోనే ఉండిపోతుంది, ఎవరి కోసం మొదలుపెట్టామో ఆ బిడ్డ ఎదిగిపోతుంది. నాకు ఎంతో బాధ కలిగించే విషయమిది.

పుట్టబోయే మనవడికో మనవరాలికో పాత నూలు చీరలతో 45 అంగుళాల పొడవు, 36 అంగుళాల వెడల్పు గల బొంత కుడుతున్నారనుకోండి. పొడవునా అంగుళానికొకటి చొప్పున 35 వరుసలు పడతాయి. గంటకు రెండు వరుసలు సాగితే 18 విడతలు కావాలి. చీరలు కత్తిరించి, పొరలు జరగకుండా పెద్ద టాకాలు వేయడానికి రెండు, అంచుపట్టీకి నాలుగు కలిపితే 24. కుట్టు వంకరపోయి విప్పవలసి రావచ్చు, ఒంట్లో నలతగా ఉండవచ్చు. అందుకని మరో నాలుగో వంతు చేర్చి 30 అనుకోండి. వారానికి నాలుగు విడతల చొప్పున దాదాపు ఎనిమిది వారాలవుతుంది. తొందర కొద్దీ ఒకే పూట రెండు విడతలు కుట్టవద్దు. రెండో గంటలో కళ్లు అలసి కుట్లు పొడవవుతాయి. వరుస వెంబడి వేలితో తడిమితే ఆ తేడా మీకే తెలుస్తుంది.

డాక్టరు చెప్పిన కాన్పు తేదీని గడువుగా తీసుకోకూడదు. కాన్పు రెండు మూడు వారాలు ముందుగా కావడం మామూలే గనుక, దానికి నాలుగు వారాల ముందు తేదీయే మీ గడువు. అక్కడి నుంచి ఎనిమిది వారాలు వెనక్కి వెళితే, సూది పట్టవలసినది ఏడో నెలలో, చాలా ఇళ్లలో సీమంతం జరిగే రోజుల్లో అని తేలుతుంది. పుట్టకముందే బిడ్డకు గుడ్డలు సిద్ధం చేయకూడదన్న పట్టింపు ఉన్న ఇళ్లలో, పెద్దల మాట కాదనకుండా, అంచుపట్టీని మాత్రం పురుడయ్యాక కుట్టేలా విడిగా ఉంచండి. బారసాల 21వ రోజున చేసే ఇంట్లో ఆ నాలుగు విడతలకూ, బొంతను ఉతికి ఎండలో వేయడానికీ వ్యవధి చాలినంత ఉంటుంది. పట్టీ గుడ్డను మాత్రం విజయవాడ వన్‌టౌన్ వస్త్రలతకో, మీ ఊరి బజారుకో వెళ్లి ముందే కొని పెట్టుకోండి.

ఇప్పుడు గోడమీది తెలుగు క్యాలెండరు తీసి, పని సాగని రోజులను పెన్సిలుతో కొట్టివేయండి. ఆవకాయ పెట్టే వారంలో సూది పట్టడం కుదరదు. రోహిణి కార్తెలో చెమట చేతులకు తెల్లదారం మాసిపోతుంది గనుక, ఎండెక్కకముందు ఒక్క విడతే కుట్టండి. దసరా నవరాత్రులలో అమ్మవారి దర్శనానికి వచ్చే చుట్టాలతో బెజవాడ ఇళ్లు నిండిపోతాయి, ఆ రోజులనూ వదిలేయండి. కొట్టివేసినన్ని రోజులు మొదలుపెట్టే తేదీ ఇంకా వెనక్కి జరగాలి.

అభ్యాసం: మీ పనికి ఈ లెక్క కట్టి, మొదలుపెట్టవలసిన తేదీకి సున్నా చుట్టండి. ఆ తేదీ ఇప్పటికే దాటిపోయి ఉంటే విడతలు పెంచకుండా కొలత తగ్గించండి. 36 అంగుళాల పొడవు, 30 అంగుళాల వెడల్పు చాలనుకుంటే వరుసలు 29 అవుతాయి, ఒక్కో వరుసా పొట్టిదవుతుంది. 18 విడతల కుట్టు 12 విడతల్లో పూర్తవుతుంది. పసిబిడ్డ పడుకోవడానికి ఆ కొలత సరిపోతుంది.