తెల్లారేసరికి నేలకు దిగే ఊయల

ధవళేశ్వరం నుంచి అంతర్వేది వైపు గోదావరి గట్ల మీద రోజుల తరబడి నడిచేవాళ్లకు టెంట్ కన్నా రెండు చెట్ల మధ్య కట్టుకుని పడుకునే హ్యామక్ ఊయలే సుఖం. నేల చెమ్మ, జెర్రుల బెడద ఉండదు. నాకు వచ్చిన చిక్కల్లా ఒకటే. నడుం ఎత్తున కట్టిన ఊయల తెల్లారేసరికి గడ్డిని రాసేది.

తప్పు ముడిది కాదు, నైలాన్ తాడుది. నైలాన్ బరువుకు సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది. కోనసీమ మంచుకు తడవని తాడేదండీ! మంచాల నవారు వాడదామంటే అది నూలు, నీళ్లు పీల్చి బరువెక్కుతుంది.

ఇప్పుడు చెట్టుకు అంగుళం వెడల్పు పాలిస్టర్ పట్టీ చుడతాను. అక్కడి నుంచి ఊయల దాకా డైనీమా అనే గట్టి ప్లాస్టిక్ పోగుల తాడుతో చేసిన వూపీ స్లింగ్. తాడు కొసను అదే తాడులోకి దూర్చి చేసే ఉచ్చు ఇది, ముడి విప్పకుండానే పొడవు మార్చుకోవచ్చు. డైనీమా చాలా తేలిక, దాదాపు సాగదు. కానీ నున్నన, మామూలు ముడులు జారిపోతాయి. నేరుగా చెట్టుకు కడితే బెరడు కోస్తుంది, అందుకే పట్టీ.

బిగించి కట్టడం మన వాళ్లకు అలవాటు. అది వద్దు. పట్టీ అడ్డగీతకు 30 డిగ్రీల వాలులో ఉంటే 70 కిలోల మనిషికి ఒక్కో వైపు 70 కిలోల లాగుడే పడుతుంది. 15 డిగ్రీలకు బిగిస్తే అదే 135 కిలోలు!

వానాకాలంలో స్లింగ్‌కు ఒక నూలు పోగు వేలాడదీయండి, తాడు వెంట వచ్చే నీరు ఊయల దాకా రాకుండా దాని వెంట కారిపోతుంది. ఇక కొబ్బరిచెట్టు ఎంత నిటారుగా కనిపించినా గెలల కింద కట్టకండి. మామిడో, వేపో చూసుకుని, తోట రైతును అడిగి కట్టండి.