ఇంటి కంప్యూటర్‌ని పల్సార్ల వేటకు పంపడం ఎలా?

బిల్లులు కట్టుకోవడానికి, పిల్లల ప్రాజెక్టు రిపోర్టు టైపు చేయడానికి కొన్న డెస్క్‌టాప్ రోజులో చాలాసేపు ఊరికే వెలుగుతూ ఉంటుంది. ఆ ఖాళీని సైన్సుకు ఇప్పించే మిడిల్‌వేర్ పేరు బోయింక్. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ ఆండర్సన్ బృందం దీన్ని తయారుచేసింది. గ్రహాంతర జీవుల సంకేతాల కోసం ఇళ్లలోని కంప్యూటర్లతో వెతికించిన ప్రాజెక్టు, 1999లో మొదలైన సెటీ ఎట్ హోమ్ అనుభవమే దీనికి పునాది. సెటీ వాళ్లు 2020 మార్చి తర్వాత కొత్త పని పంపడం మానేశారు గానీ, బోయింక్ మీద వేరే ప్రాజెక్టులు నడుస్తూనే ఉన్నాయి.

మిడిల్‌వేర్ అంటే బెంగపడక్కర్లేదు. మేస్త్రీ అనుకోండి. శాస్త్రవేత్తల దగ్గరున్న పెద్ద పనిని ముక్కలు చేసి ఇంటింటికీ పంచుతుంది, గడువు పెడుతుంది, తిరిగొచ్చిన లెక్కను సరిచూస్తుంది.

1. ముందు కంప్యూటర్ సంగతి. డెస్క్‌టాప్ అయితే మంచిది. ల్యాప్‌టాప్ కూడా పనికొస్తుంది గానీ మే నెల ఎండల్లో దాన్ని వేధించకండి. ఆఫీసు కంప్యూటర్‌లో మాత్రం అనుమతి లేకుండా పెట్టొద్దు.

2. బోయింక్ సొంత సైటు నుంచే డౌన్‌లోడ్ చేసుకోండి. విండోస్, మ్యాక్, లినక్స్, ఆండ్రాయిడ్ అన్నిటికీ ఉంది.

3. బోయింక్ మేనేజర్ తెరిచి 'యాడ్ ప్రాజెక్ట్' నొక్కితే జాబితా వస్తుంది. మొదటిసారి అయితే ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ తీసుకోండి, పల్సార్లు (గిరగిరా తిరుగుతూ రేడియో తరంగాలు వెదజల్లే మృత నక్షత్రాలు), గురుత్వ తరంగాలు (భారీ ఖగోళ ఘటనలు స్థలకాలంలో పుట్టించే అలలు) వెతికే ప్రాజెక్టు. ఐరోపా కణభౌతిక ప్రయోగశాల సెర్న్ వాళ్ల ఎల్‌హెచ్‌సీ ఎట్ హోమ్ పేరు ఊరిస్తుంది గానీ అందులో కొన్ని పనులకు వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రాము) కూడా ఉండాలి, తర్వాత చూసుకోవచ్చు. ఈమెయిల్, పాస్‌వర్డ్ ఇచ్చి చేరాలి. బ్యాంకుకు వాడే పాస్‌వర్డ్ ఇక్కడ పెట్టకండి.

4. చాలామంది తొందరపడి వదిలేసేది ఇక్కడే. 'ఆప్షన్స్'లో 'కంప్యూటింగ్ ప్రిఫరెన్సెస్' తెరవండి. సీపీయూల వాటా 50 శాతానికి తగ్గించండి. సీపీయూలో లెక్కలు చేసే భాగాలు, అంటే కోర్లు, నాలుగుంటే రెండే పనిచేస్తాయి, ఫ్యాన్ గోల తగ్గుతుంది. కింద సీపీయూ సమయం శాతం కూడా ఉంటుంది. దాన్ని తగ్గిస్తే ప్రోగ్రాము కాసేపు నడిచి కాసేపు ఆగుతుంది, అందుకే నేను కోర్లనే తగ్గిస్తాను. మీరు వాడుతున్నప్పుడు, బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఆగిపోయేలా టిక్కులు పెట్టండి.

కరెంటు లెక్క కూడా వేసుకోండి. అదనంగా 65 వాట్లు లాగి రోజుకు 8 గంటలు నడిస్తే నెలకు 15, 16 యూనిట్లవుతాయి. మీ బిల్లు స్లాబు అంచున ఉంటే గంటలు తగ్గించుకోండి, నామోషీ ఏమీ లేదు.

5. 'టాస్క్స్'లో ప్రతి ముక్క ఎంత శాతం అయిందో, గడువు ఎప్పుడో కనిపిస్తుంది. కరెంటు పోతే కంగారొద్దు. చాలా ప్రోగ్రాములు అయినంతవరకు మధ్యమధ్యలో డిస్కులో రాసుకుంటాయి, మళ్లీ అక్కడినుంచే అందుకుంటాయి. వచ్చే క్రెడిట్లు పాయింట్లే, డబ్బులు కావు.

మరి ఎవరి కంప్యూటర్ తప్పు లెక్క పంపినా శాస్త్రవేత్తలకు తెలిసేదెలా? అవసరమైతే ఒకే ముక్కను ఒకరికి తెలియకుండా మరొకరికీ ఇస్తారు. జవాబులు కలిస్తేనే లెక్కలోకి, లేకపోతే మూడో ఇంటికి. 2010లో ప్యూర్టోరికోలోని అరెసిబో రేడియో టెలిస్కోపు డేటాలో ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ ఒక కొత్త పల్సార్‌ను పట్టినప్పుడు ఆ ఘనత అమెరికాలోని అయోవాలో ఒక ఇంటికీ, జర్మనీలో మరో కంప్యూటర్‌కీ కలిపి దక్కింది. ఒకరి ముఖం ఒకరు ఎరగరు.

6. మానేయాలనుకుంటే వెంటనే అన్ఇన్‌స్టాల్ చేయకండి. చేతిలో ఉన్న ముక్కలు గడువు దాటేదాకా సర్వర్ మీకోసం ఎదురుచూస్తుంది. ముందు 'నో న్యూ టాస్క్స్' నొక్కి, ఉన్నవి పూర్తయి ఫలితాలు వెళ్లాక తీసేయండి.